షెడ్ల మీద సోలార్ పలకలు పరిస్తే ఉక్కు హరితమవుతుందా?

మీరు అడిగినవి మూడు. పునరుత్పాదక విద్యుత్తుతో ఉక్కు, సిమెంటు వంటి భారీ పరిశ్రమల కర్బన ఉద్గారాలు నిజంగా తగ్గుతాయా, లేక పలకలు పరిచి ఫొటోలు తీయించుకోవడమేనా? హైడ్రోజన్ వస్తే సమస్య తీరుతుందంటున్నారు, నమ్మవచ్చా? కొత్తగా ఎనర్జీ విభాగంలో చేరిన మీరు ఎక్కడ మొదలుపెట్టాలి?

తగ్గుతాయి. అయితే ఎంత తగ్గుతాయో తెలియాలంటే మెగావాట్లు లెక్కపెట్టే ముందు, ఆ కర్మాగారంలో బొగ్గు ఏ పని చేస్తోందో చూడాలి. నేను మొదట ఇనుప ఖనిజం నుంచి ఉక్కు దాకా అన్నీ ఒకే ఆవరణలో చేసే సమగ్ర ఉక్కు కర్మాగారంలో ఇంధన నిర్వహణ చూశాను. తరువాత పాత ఇనుమును కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ ప్లాంటుకు మారాను. రెండు చోట్లా నా కళ్ల ముందే సౌర విద్యుత్తు వచ్చింది. మొదటి చోట దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. రెండో చోట పని తీరే మారిపోయింది. పలకలు ఒకే రకం, ఎండ ఒకే రకం. తేడా అంతా ఫర్నేసులోనే ఉంది.

ఖనిజం నుంచి ఇనుము తీసే ఎత్తైన కొలిమి బ్లాస్ట్ ఫర్నేస్. అందులో కోక్‌ను, అంటే గాలి తగలకుండా కాల్చి గట్టిపరిచిన బొగ్గును, కేవలం వేడి కోసమే వేస్తారని చాలామంది అనుకుంటారు. వేడి సగం పనే. ఇనుప ఖనిజం అంటే ఆక్సిజన్‌తో ముడిపడిన ఇనుము. ఆ ఆక్సిజన్‌ను లాగేసుకోవడం కార్బన్ చేసే రెండో పని. లాగేసుకున్న ఆక్సిజన్‌తో అది కార్బన్ మోనాక్సైడ్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా పైనుంచి బయటికి వస్తుంది. ఇవి కాక మూడో పని కూడా ఉంది. ఎత్తైన ఫర్నేసులో పైనుంచి పడే ఖనిజం బరువును మోస్తూ, మధ్యలో గాలి పోయేందుకు దారి ఉంచేది గట్టి కోక్ ముక్కలే. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కదాన్నీ సోలార్ పలక నేరుగా చేయలేదు. ఈ మార్గంలో టన్ను ఉక్కుకు దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో దాదాపు 70 శాతం ఇప్పటికీ ఈ మార్గంలోనే వస్తోంది.

ఇక్కడ బయటివారికి తెలియని చిక్కు ఒకటుంది. సమగ్ర కర్మాగారం తనకు కావలసిన విద్యుత్తులో చాలా భాగాన్ని తానే తయారు చేసుకుంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే వాయువులో 20 శాతానికి పైగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. సహజ వాయువుతో పోలిస్తే దాని వేడి పదో వంతే, అయినా పారేయడానికి మనసొప్పదు. కాబట్టి శుభ్రం చేసి, ఫర్నేసులోకి పోయే గాలిని కాచే స్టవ్‌లకు, ఉక్కు దిమ్మెలను మళ్లీ కాచే రీహీటింగ్ ఫర్నేసులకు పంపగా మిగిలినదాన్ని కర్మాగారం సొంత విద్యుత్ కేంద్రమైన క్యాప్టివ్ పవర్ ప్లాంటు బాయిలర్లలో మండిస్తారు. సోలార్ వచ్చిన కొత్తలో మా దగ్గర ఏమైందంటే, మధ్యాహ్నం ఎండ ముదిరేకొద్దీ పవర్ ప్లాంటు లోడు తగ్గించమని కంట్రోల్ రూము నుంచి ఆదేశం వచ్చేది. లోడు తగ్గితే బాయిలర్ తీసుకునే వాయువు తగ్గుతుంది. ఫర్నేస్ మాత్రం వాయువు ఇవ్వడం ఆపదు కదా! వాయువును నిల్వ ఉంచే గ్యాస్ హోల్డర్ కాసేపట్లో నిండిపోయేది. ఆ తరువాత మిగిలింది మిగులు వాయువును మండించి వదిలేసే ఎత్తైన గొట్టం, ఫ్లేర్ స్టాక్ ఒక్కటే. సౌర విద్యుత్ మీటరు మంచి అంకె చూపిస్తున్న వేళల్లోనే ఫ్లేర్ మంట కూడా పొడుగ్గా ఎగిసేది. కార్బన్ మోనాక్సైడ్ బాయిలర్‌లో మండినా, ఆకాశంలో మండినా గాలిలోకి చేరే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే. నివేదికలో మాత్రం ఎన్ని యూనిట్ల సౌర విద్యుత్ ఉత్పత్తయిందో, దానివల్ల ఎన్ని టన్నుల ఉద్గారాలు 'ఆదా' అయ్యాయో రాసేవారు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

దీనికి పరిష్కారం ఉంది, కష్టమైనదీ కాదు. ఆ క్యాప్టివ్ ప్లాంటులో వాయువుతో పాటు బొగ్గు కూడా మండించే బాయిలర్లు ఉన్నాయి. సౌర విద్యుత్తు వచ్చే గంటల్లో ముందుగా బొగ్గు బాయిలర్ తగ్గాలి, లేదా గ్రిడ్డు నుంచి కొనేది తగ్గాలి. వాయువు బాయిలర్‌ను చివరిదాకా ముట్టుకోకూడదు. ఈ వరుసను కంట్రోల్ రూములో రాసి పెట్టించడానికి మా విభాగం వాదించవలసి వచ్చింది. బొగ్గు బాయిలర్‌ను తరచూ తగ్గించి పెంచడం దాని ఆరోగ్యానికి మంచిది కాదని ఆపరేషన్స్‌వారి అభ్యంతరం. అది న్యాయమైనదే. చివరకు ఒక మధ్యేమార్గం కుదిరాక ఫ్లేర్ తగ్గింది. అయినా మొత్తం ఉద్గారాల మీద చూస్తే అది స్వల్పం. ఎందుకంటే అసలు సంగతంతా ఫర్నేసులో ఉంది, తీగల్లో లేదు.

ఆర్క్ ఫర్నేస్ కథ వేరు. గ్రాఫైట్ ఎలక్ట్రోడులకూ తుక్కు ఇనుముకూ మధ్య విద్యుత్ ఆర్క్ పుట్టించి 1,600 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగిస్తారు. ఆక్సిజన్‌ను లాగేసే పని ఎప్పుడో, ఆ ఇనుము మొదటిసారి తయారైనప్పుడే అయిపోయింది. ఇక్కడ మిగిలింది కరిగించడమే, ఆ పని విద్యుత్తుది. టన్నుకు సుమారు 400 నుంచి 500 యూనిట్లు పడుతుంది. ఆ విద్యుత్తు బొగ్గు కేంద్రం నుంచి వస్తే టన్నుకు అర టన్ను దాకా కార్బన్ డయాక్సైడ్ పరోక్షంగా లెక్కలోకి వస్తుంది. అదే గాలి మరల నుంచో, సౌర క్షేత్రం నుంచో వస్తే అది దాదాపు పోతుంది. ఎలక్ట్రోడుల అరుగుదల, కరిగిన లోహం మీద తేలే మలినాల (స్లాగు) నురగ కోసం చల్లే కార్బన్, సున్నం కలిసి మిగిలే ఉద్గారాలు సాధారణంగా టన్నుకు వంద కిలోల లోపే.

మరి షెడ్ల మీద పలకలు సరిపోతాయా? మీరే లెక్క వేయండి. ఏడాదికి 10 లక్షల టన్నుల ఆర్క్ ఫర్నేస్ ప్లాంటుకు, టన్నుకు 500 యూనిట్ల చొప్పున, 50 కోట్ల యూనిట్లు కావాలి. మంచి ఎండ ఉన్నచోట 5 మెగావాట్ల పలకలు ఏడాదికి 75 లక్షల యూనిట్లు ఇస్తాయి. అంటే ఒకటిన్నర శాతం. ఆ 5 మెగావాట్లకే దాదాపు 50 వేల చదరపు మీటర్ల కప్పు కావాలి. పైకప్పు సోలార్ క్యాంటీనుకు, ఆఫీసులకు, కంప్రెసర్లలో కొన్నింటికి ఉపయోగపడుతుంది, పెట్టవద్దని అనను. కాని ఫర్నేస్‌ను నడిపేది బయట ఎక్కడో ఉన్న పెద్ద సౌర, పవన క్షేత్రాలతో కుదుర్చుకునే దీర్ఘకాల ఒప్పందమే.

ఒప్పందం కుదిరాక నాకు అసలు విషయం బోధపడింది: ఎన్ని యూనిట్లు అన్నది ఎంత ముఖ్యమో, ఏ గంటకు అన్నది అంతే ముఖ్యం. చాలా లెక్కలు ఏడాది మొత్తం మీద వేస్తారు. ఏడాదిలో ఇన్ని కోట్ల యూనిట్ల సౌర విద్యుత్తు కొన్నాం, ఇన్ని కోట్లు వాడాం, రెండూ సమానం, కాబట్టి మాది వంద శాతం హరితం అంటారు. రాత్రి రెండు గంటలకు ఫర్నేస్ నడుస్తున్నప్పుడు ఆ విద్యుత్తు ఎండ నుంచి వచ్చిందని ఎవరు నమ్ముతారు? ఆ గంటలో గ్రిడ్డులో తిరుగుతున్నది ఎక్కువగా బొగ్గో, గ్యాసో. యూరోపియన్ యూనియన్ 2023లో పునరుత్పాదక హైడ్రోజన్‌కు రాసిన నిబంధనల్లో దీన్ని పట్టుకుంది. 2029 చివరిదాకా నెలవారీ లెక్క సరిపోతే చాలు, 2030 నుంచి గంట గంటకూ సరిపోవాలి. ఉక్కుకూ అదే లెక్క రావాలని నా అభిప్రాయం.

మా ఫర్నేస్ పాత అలవాటు ప్రకారం రాత్రిపూట జోరుగా నడిచేది. రాత్రి విద్యుత్తు చవక కావడం ఒక కారణం. మరమ్మతులకు పగటి వెలుతురు కావాలన్నది మరో కారణం, కాబట్టి ఫర్నేస్ లోపలి లైనింగ్ ఇటుకల పని, ఫర్నేస్ పైకప్పు మార్పు అన్నీ పగలే పెట్టేవారు. సౌర, పవన ఒప్పందం వచ్చాక ఇది పూర్తిగా తిరగబడింది. ఎండ ఉన్న గంటల్లో ఫర్నేస్ ఆగితే నష్టం, రాత్రి ఆగితే లాభం. ప్రణాళికా విభాగం వెంటనే మరమ్మతులన్నీ అర్ధరాత్రికి మార్చేసింది. ఆ ఇటుకలు పేర్చే రిఫ్రాక్టరీ పనివారు ఒప్పుకోలేదు. వేడి తగ్గని గుల్లలో, దీపాల వెలుగులో, నిద్రమత్తులో ఇటుకలు పేర్చడం ప్రమాదమని వారి మేస్త్రీ నిర్మొహమాటంగా చెప్పాడు. అతడు చెప్పింది నిజం. చివరకు సాయంత్రం పూట నాలుగైదు గంటల సేపు మరమ్మతులకు కేటాయించారు. ఎండ దిగిపోతుంది, ఊళ్లలో దీపాలు వెలిగి గ్రిడ్డు మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, మనుషులు ఇంకా మెలకువగా ఉంటారు. గ్రిడ్డుకు మేలు, మనుషులకు మేలు. ఉద్గారాల లెక్కలో ఇలాంటి షిఫ్టు మార్పు ఎవరి ప్రజెంటేషన్‌లోనూ కనబడదు, కాని నేను చూసినవాటిలో ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే.

అయితే అన్ని ప్లాంట్లనూ ఆర్క్ ఫర్నేసులుగా మార్చేస్తే పోతుంది కదా అంటారా? తుక్కు ఇనుము అంత దొరకదు. ఈరోజు కట్టిన వంతెన తుక్కుగా తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. పైగా తుక్కులో కలిసిపోయిన రాగిని తీసివేయడం చాలా కష్టం, కారు పైపలకల వంటి నాణ్యమైన ఉక్కుకు అది పనికిరాదు. కాబట్టి ఖనిజం నుంచి ఇనుము తీయక తప్పదు. హైడ్రోజన్ ప్రస్తావన వచ్చేది ఇక్కడే.

ఖనిజంలోని ఆక్సిజన్‌ను కార్బన్‌కు బదులు హైడ్రోజన్ లాగేసుకుంటే కార్బన్ డయాక్సైడ్‌కు బదులు నీటి ఆవిరి వస్తుంది. అలా కరగకుండానే వచ్చిన ఇనుమును, అంటే స్పాంజ్ ఐరన్‌ను, ఆర్క్ ఫర్నేసులో కరిగించవచ్చు. ఇది ఊహ స్థాయి దాటింది. స్వీడన్‌లో ఉక్కు సంస్థ ఎస్‌ఎస్‌ఏబీ, గనుల సంస్థ ఎల్‌కేఏబీ, విద్యుత్ సంస్థ వాటన్‌ఫాల్ 2016లో కలిసి హైబ్రిట్ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. లూలియో పట్టణంలో 2020 ఆగస్టులో ప్రయోగాత్మక ప్లాంటు ప్రారంభమైంది. ఆ మార్గంలో తయారైన మొదటి ఉక్కు 2021 ఆగస్టులో వోల్వోకు చేరింది. రసాయన శాస్త్రం పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు.

అనుమానం అంతా విద్యుత్తు గురించే. టన్ను ఇనుముకు సిద్ధాంతపరంగా 54 కిలోల హైడ్రోజన్ కావాలి. కిలో హైడ్రోజన్ తీయడానికి, నీటిని విద్యుత్తుతో విడగొట్టే ఎలక్ట్రోలైజర్ 50 నుంచి 55 యూనిట్లు తీసుకుంటుంది. ఖనిజాన్ని, హైడ్రోజన్‌ను వేడి చేయడం, ఆర్క్ ఫర్నేస్, మిగతావి కలిపితే టన్ను ఉక్కుకు సుమారు 3,500 యూనిట్లు. తుక్కును కరిగించడంతో పోలిస్తే ఏడెనిమిది రెట్లు. 10 లక్షల టన్నుల ప్లాంటుకు ఏడాదికి 350 కోట్ల యూనిట్లు, అంటే రాత్రీ పగలూ ఆగకుండా సగటున 400 మెగావాట్లు. ఒక్క ఎండ మీదే ఆధారపడితే, పలకలు సామర్థ్యంలో సగటున 22 శాతమే ఇస్తాయనుకుంటే, 1,800 మెగావాట్ల సౌర క్షేత్రం కావాలి. రాత్రికి నిల్వ ఏర్పాటు అదనం.

ఇదే లెక్కను మరోవైపు తిప్పి చూడండి. ఆ హైడ్రోజన్‌ను బొగ్గు విద్యుత్తుతో తీశారనుకోండి. బొగ్గు విద్యుత్తు యూనిట్‌కు ఒక కిలోకు కొంచెం తక్కువగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే కిలో హైడ్రోజన్‌కు దాదాపు 50 కిలోలు, 54 కిలోల హైడ్రోజన్‌కు రెండున్నర టన్నులకు పైన. బ్లాస్ట్ ఫర్నేస్ రెండు టన్నులతో సరిపెట్టేది! అందుకే హైడ్రోజన్ ప్లాంటు కడుతున్నామని ఎవరైనా చెబితే నేను అడిగే మొదటి ప్రశ్న దాని పక్కన కొత్తగా ఏ విద్యుత్ కేంద్రం వస్తోందన్నదే. ఉన్న గాలి మరల విద్యుత్తును ఇటు మళ్లించి, అటు ఖాళీ అయిన చోటును బొగ్గుతో నింపితే భూమికి ఒరిగేది శూన్యం.

ఇంకో రెండు ఇబ్బందులు పత్రికల్లో తక్కువగా కనబడతాయి. కార్బన్ మోనాక్సైడ్‌తో జరిగే చర్య కొంత వేడిని ఇస్తే, హైడ్రోజన్‌తో జరిగే చర్య వేడిని తీసుకుంటుంది. కాబట్టి వాయువును లోపలికి పంపేముందే బాగా కాచాలి. రెండోది ఖనిజం నాణ్యత. ఈ పద్ధతికి ఇనుము 67 శాతం దాకా ఉన్న మేలిరకం పెల్లెట్లు (ఖనిజం పొడిని ఉండలుగా చేసినవి) కావాలి, అలాంటి ఖనిజం ప్రపంచంలో కొద్ది చోట్లే దొరుకుతుంది. ఇక ఎలక్ట్రోలైజర్ ఖరీదైన యంత్రం. రోజుకు ఆరు గంటలు నడిపి మిగతా సమయం ఖాళీగా ఉంచితే దాని పెట్టుబడి భారమంతా ఆ కొద్ది హైడ్రోజన్ మీదే పడుతుంది. గాలి, ఎండ రెండూ పుష్కలంగా ఉండి ఒకదాని లోటు మరొకటి పూడ్చే చోట్లు, లేదా జలవిద్యుత్తు దండిగా ఉన్న చోట్లు ముందుకు రావడం అందుకే. ఉక్కు కర్మాగారాలు ఒకప్పుడు బొగ్గు గనుల దగ్గరికి నడిచాయి, ఇకమీదట గాలి ఉన్నచోటికి నడుస్తాయేమో.

పునరుత్పాదక విద్యుత్తుతో తీసిన హరిత హైడ్రోజన్ కొద్దిగానే ఉన్నప్పుడు దాన్ని ముందుగా అమ్మోనియాకు ఇవ్వాలని నాకనిపిస్తుంది. అక్కడ ఇప్పటికే సహజ వాయువు నుంచో, బొగ్గు నుంచో తీసిన హైడ్రోజన్ వాడుతున్నారు, ఫర్నేసులు మార్చే అవసరం లేదు. కాకపోతే యూరియా తయారు చేసేచోట జాగ్రత్త. యూరియాకు అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ముడిసరుకే, అది ఇప్పుడు పాత పద్ధతి హైడ్రోజన్ యూనిట్ నుంచే వస్తోంది. ఆ యూనిట్‌ను మూసేస్తే అదెక్కడి నుంచి తెస్తారో ముందే తేల్చుకోవాలి.

సిమెంటు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే పునరుత్పాదక విద్యుత్తు అక్కడ చేయగలిగింది తక్కువ. టన్ను సిమెంటుకు వంద యూనిట్ల వరకు విద్యుత్తు పడుతుంది, ఎక్కువ భాగం గ్రైండింగు మిల్లులకే. ఆ భాగం సౌర, పవన విద్యుత్తుకు మారితే మంచిదే. కాని కిల్న్ అనే సిమెంటు బట్టీలో సున్నపురాయి విడిపోయేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. టన్ను క్లింకర్‌కు, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే కాల్చిన గడ్డలకు, అర టన్నుకు పైగా వచ్చే ఆ వాయువుకు, కింద ఏది మండిస్తున్నారన్న దానితో సంబంధం లేదు. కిల్న్ మొత్తాన్ని విద్యుత్తుతో వేడి చేసినా రాయి తన వాయువును వదిలే తీరుతుంది. అక్కడ పనికొచ్చేది క్లింకర్‌ను తగ్గించడమే. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిపి క్లింకర్‌ను సగానికి తెచ్చే ఎల్‌సీ3 సిమెంటుతో ఉద్గారాలు 40 శాతం దాకా తగ్గుతాయి. ఆపైన మిగిలినదాన్ని పట్టి భూగర్భంలో దాచాలి. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ప్లాంటులో ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టే ఏర్పాటు 2025లో మొదలైంది.

అల్యూమినియం దీనికి పూర్తి వ్యతిరేకం. అది విద్యుత్తునే తిని బతికే పరిశ్రమ. కిలోకు 13 నుంచి 15 యూనిట్లు తీసుకుంటుంది. బొగ్గు విద్యుత్తుతో తీసిన టన్ను అల్యూమినియానికి 15 టన్నులకు పైగా ఉద్గారాలు వస్తే, జలవిద్యుత్తుతో తీసినదానికి నాలుగు టన్నుల దరిదాపుల్లో ఉంటాయి. ఐస్‌లాండ్, నార్వేలలో అల్యూమినియం తీసే స్మెల్టర్లు ఉన్నది ఇందుకే. అక్కడి అడ్డంకి ఒక్కటే. 960 డిగ్రీల దగ్గర ఉండే ఆ తొట్లకు నాలుగైదు గంటలు విద్యుత్తు ఆగితే లోపలిది గడ్డకట్టిపోతుంది. మబ్బు పట్టింది కాబట్టి ఇవాళ సెలవు అనడానికి వీలులేదు.

ఇక మీ మూడో ప్రశ్న. మీరు ఎనర్జీ విభాగంలో కొత్తవారు కాబట్టి ఫర్నేసులు మార్చే నిర్ణయాలు మీ చేతిలో ఉండవు. ఆవిరి మీ చేతిలో ఉంటుంది. ప్లాంటులో ఆవిరి గొట్టం వెంట నడుచుకుంటూ వెళ్లి, చివరన ఏ యంత్రానికి నిజంగా ఎంత ఉష్ణోగ్రత కావాలో రాసుకోండి. ఉక్కు మీది తుప్పును ఆమ్లంతో తొలగించే పిక్లింగ్ తొట్టికి 80 డిగ్రీలు చాలు, దానికి పది బార్ల పీడనం ఉన్న ఆవిరిని బొగ్గు బాయిలర్ నుంచి అర కిలోమీటరు లాక్కొస్తుంటారు. దారిలో పోయేది పోగా మిగిలింది తొట్టికి చేరుతుంది. అలాంటి చోట, తక్కువ వేడిని లాగి ఎక్కువ ఉష్ణోగ్రతకు ఎత్తే హీట్ పంపు పెడితే ఒక యూనిట్ విద్యుత్తుకు రెండు మూడు యూనిట్ల వేడి వస్తుంది. ఇప్పుడు దొరికే పారిశ్రామిక హీట్ పంపులు 150 డిగ్రీల దాకా పోతున్నాయి. అంతకు మించిన వేడికి, ఎండ గంటల్లో ఇటుకలను విద్యుత్తుతో కాచి, రాత్రంతా ఆ వేడితో ఆవిరి తీసే నిల్వలు మార్కెట్‌లోకి వచ్చాయి. బ్యాటరీలో దాచిన విద్యుత్తు కంటే ఇటుకలో దాచిన వేడి చాలా చవక, చివరకు కావలసింది వేడే అయినప్పుడు.

ఆ తరువాత ఏడాది మొత్తానికి గంటవారీ విద్యుత్ వాడకం వివరాలు సంపాదించండి. నెలవారీ బిల్లులు చాలవు. దాని పక్కన సౌర, పవన ఉత్పత్తి గంటవారీగా పెట్టి, ఏ పనులు జరపవచ్చో ఆపరేషన్స్‌వారితో, మరమ్మతుల మేస్త్రీలతో కూర్చుని మాట్లాడండి. కంప్యూటర్ ముందు కూర్చుని మీరొక్కరే జరిపేస్తే ఎవరూ పాటించరు. మీది సమగ్ర కర్మాగారమైతే ఫ్లేర్ మీటరు రికార్డును కూడా అదే కాగితం మీద పెట్టండి, సోలార్ వచ్చాక మధ్యాహ్నం అంకె పెరిగిందేమో చూడండి.

అన్నిటికంటే ముందు సబ్‌స్టేషన్ సామర్థ్యం అడగండి. బొగ్గు వేడిని విద్యుత్తులోకి మార్చాలంటే ఇప్పుడున్న ట్రాన్స్‌ఫార్మర్లు, లైను సరిపోవు. యంత్రాలు కొన్ని నెలల్లో వస్తాయి గాని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కూ, కొత్త హైటెన్షన్ లైనుకూ ఏళ్లు పట్టవచ్చు. ఏ యంత్రం కొనాలో ఇంకా తేలకపోయినా, అదనపు లోడుకు దరఖాస్తు ఇప్పుడే పెట్టమని పైవారికి చెప్పండి.